దూరపు కంప్యూటరునకు తూము

(హుస్నాబాద్‌లో పంచాయతీ కార్యదర్శులు, సహకార సంఘముల గుమాస్తాలు, మీసేవ కేంద్రముల నిర్వాహకులు, గ్రామ యువకులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



చెరువుల క్రింద వ్యవసాయము చేయువారి నడుమ నిలిచి మాట్లాడుచున్నాను కనుక నా పని కొంత సులువైనది. నేను చెప్పబోవు విషయము వినుటకు క్రొత్తగ ఉండును గాని, దాని నడక యంతయు మీకు చిన్ననాటినుండి తెలిసినదే. చెరువునకు కట్ట ఉండును. కట్టకు తూము ఉండును. తూము ఎత్తుటకు, దించుటకు నీరడి ఉండును. నీరు కావలసినవాడు కట్టకు గండి కొట్టడు; నీరడిని అడుగును. ఒక ఊరిలోని కంప్యూటరును మరియొక ఊరినుండి వాడుకొనుటకు చేయవలసిన ఏర్పాటు ఇంతకంటె వేరు కాదు. కంప్యూటరు పనివారు దానిని గేట్‌వే అందురు. ద్వారము అని తెనుగు చేయవచ్చును గాని నాకు తూము అను మాటయే నచ్చినది. ద్వారము తెరచిన మనుష్యులు వత్తురు, పశువులును వచ్చును. తూము ఎత్తిన నీరు మాత్రమే వచ్చును. అదియు ఎంత కావలెనో అంతే.

ఈ అవసరము మనకెట్లు వచ్చినదో ముందు చెప్పెదను. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు, అంతవరకు కరీంనగరము జిల్లాలో ఉన్న హుస్నాబాద్ సిద్ధిపేట జిల్లాలో చేరినది. ఈ శాసనసభ నియోజకవర్గపు మండలములు ఆనాడు మూడు జిల్లాలకు పంచబడినవి. కోహెడ, క్రొత్తగ ఏర్పడిన అక్కన్నపేట సిద్ధిపేట వైపు వచ్చినవి. చిగురుమామిడి, సైదాపూర్ కరీంనగరముననే నిలిచినవి. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి వరంగల్లు పట్టణ జిల్లాకు పోయినవి. ఆ జిల్లాకే 2021లో హనుమకొండ అని పేరు మారినది. కావున ఒకరి పుట్టినిల్లు ఒక జిల్లా, మెట్టినిల్లు మరియొక జిల్లా అయినవి. లెక్కల పుస్తకము ఒక చోట, దానిని చూడవలసినవారు మరియొక చోట ఉండుట మన ప్రాంతమున సామాన్యమైనది.

అటుపిమ్మట 2020 మార్చి వచ్చినది. దేశమంతయు తలుపులు మూసికొన్నది. హైదరాబాదులో ఉద్యోగము చేయు పిల్లలు ఇండ్లకు వచ్చి, చేదబావి ప్రక్కన, వేపచెట్టు క్రింద కూర్చుండి, అక్కడి కార్యాలయపు కంప్యూటర్లలో ఇక్కడినుండియే పని చేసినారు. అంతకు ముందు ఈ సంగతి నమ్మని పెద్దలు కూడ ఆ మాసములలో కన్నులార చూచినారు. నేడు దుకాణదారుడు కరీంనగరములోని లెక్కల గుమాస్తాకు తన ఖాతాలు చూపదలచుచున్నాడు. దుబాయిలో ఉన్న కుమారుడు ఇంటివద్ద తండ్రి నడుపు రైసుమిల్లు లెక్క రాత్రివేళ సరిచూడదలచుచున్నాడు. పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్ గ్రామమున 2024 డిసెంబరులో టి-ఫైబరు సేవలు ప్రయోగాత్మకముగ ఆరంభమైనప్పుడు, ఇంటిలోని టీవీ తెరను కంప్యూటరువలె వాడుకొను ఏర్పాటు కూడ అందు చేర్చబడినది. ఇట్టి ఏర్పాట్లలో సాధారణముగ తెర మాత్రమే మన ఇంటిలో ఉండును. లెక్క చేయు యంత్రము ఎక్కడనో ఉండును. మిషన్ భగీరథ మంచినీటి గొట్టముల కొరకు త్రవ్విన కందకములలోనే టి-ఫైబరు తీగ గొట్టములు కూడ వేయబడినవి. నీరు, సమాచారము ఒకే కందకమున వచ్చుట చూచిన తరువాత తూము సామ్యము నా కల్పన యని ఎవ్వరును అనజాలరు.

దూరమున ఉన్న కంప్యూటరును వాడవలెనను కోరిక నేటిది కాదు. నేటి ఇంటర్నెట్టునకు మూలమైన ఆర్పానెట్టు అను వలయము మీద 1969 అక్టోబరు 29వ తేదీన పంపిన మొట్టమొదటి సందేశమే అట్టి ప్రయత్నము. అమెరికా దేశమున లాస్ ఏంజిలెస్ విశ్వవిద్యాలయములోని ఒక విద్యార్థి, సుమారు 560 కిలోమీటర్ల దూరమున ఉన్న మరియొక పరిశోధన సంస్థ కంప్యూటరులోనికి ప్రవేశించుటకై "లాగిన్" అని టైపు చేయబోయినాడు. రెండు అక్షరములు చేరునప్పటికి ఆవలి యంత్రము చతికిలబడినది. సుమారు ఒక గంట తరువాత మరల ప్రయత్నించగా పని జరిగినది. మొదటి దినముననే తొట్రుపాటు పడిన విద్య యిది. మనకు మొదటి సారి కుదరనిచో సిగ్గుపడనక్కరలేదు.

వయస్సు మీరినదని వెనుదీయువారికి ఒక మాట. ఇక్కడికి చేరువనే, భీమదేవరపల్లి మండలములోని వంగర గ్రామమున పెరిగిన పి. వి. నరసింహారావు గారు ఆరు పదులు దాటిన తరువాత కంప్యూటరు నేర్చి, ప్రోగ్రాములు వ్రాయునంతవరకు పోయిన సంగతి లోకవిదితము. ఇక నలుబది ఏండ్ల కార్యదర్శికి సాకు ఏమి దొరకును?

ఇక అసలు విషయమునకు వచ్చెదను. గండి కొట్టిన ఏమగునో చెప్పనిదే తూము విలువ తెలియదు.

నాకు తెలిసిన ఒక ఎరువుల దుకాణము కలదు. పేరు, ఊరు చెప్పను. యజమాని మంచివాడు, రైతులకు ఉద్దెర ఇచ్చి పంట వచ్చిన తరువాత తీసికొనును. ఖాతాలన్నియు కంప్యూటరులోనికి ఎక్కించినాడు. లెక్కలు చూచు గుమాస్తా పట్టణమునకు మారిపోవుటచే, అక్కడినుండి చూచుకొను వీలు కావలెనని ఒక కుర్రవానిని పిలిపించినాడు. కుర్రవాడు చురుకైనవాడే. గోడకు తగిలించిన రౌటరు పెట్టె సెట్టింగులు తెరచి, 3389 అను సంఖ్యను ఒక గడిలో వ్రాసి, "అయినది" అన్నాడు. అయిదు నిమిషముల పని. పట్టణమునుండి గుమాస్తా తెర చూచినాడు, అందరము సంతోషించితిమి, టీ త్రాగితిమి. నేను అక్కడనే ఉంటిని. ఆ సంఖ్య యేమో నాకు తెలియును. పని జరిగినది గదా, ఇప్పుడు ఆక్షేపణ తెలిపి పిల్లవానిని చిన్నబుచ్చుట యెందుకని ఊరకుంటిని.

నెల దాటిన తరువాత ఒక ఉదయమున దుకాణము తెరచి చూచునప్పటికి ఖాతాలన్నియు చదువరాని అక్షరములుగ మారియున్నవి. తెర మీద, సొమ్ము చెల్లించిన విడిపించెదమని ఆంగ్లమున ఒక చీటీ. నకలు ఉన్నదా అని అడిగితిని. ఉన్నదని పెన్‌డ్రైవు చూపించినాడు. అది ఆ కంప్యూటరునకే ఎల్లప్పుడు తగిలించి యుంచినది. దానిలోని నకలు కూడ అట్లే మారిపోయినది. రెండు పంటల ఉద్దెర లెక్క పోయినది. రైతులలో ఎక్కువమంది తామే వచ్చి, "నాది ఇంత" అని చెప్పి కట్టినారు. కొందరికి నిజముగనే గుర్తులేదు. ఇద్దరు ముగ్గురితో మాట పట్టింపు వచ్చి, అనేక వత్సరముల నేస్తము చెడినది. ఆనాడు టీ గ్లాసు క్రింద పెట్టి నేను ఒక్క మాట చెప్పియున్నచో బాగుండునని నాకు నేటికిని తోచుచుండును. నేడిట్లు పని గట్టుకొని మాట్లాడుటకు కారణము కూడ అదియే.

ఆ కుర్రవాడు చేసిన తప్పేమి? ప్రతి కంప్యూటరునకును వేల వాకిళ్ళు ఉండును, వానిని పోర్టులందురు. విండోసు యంత్రమును దూరమునుండి నడుపుటకు వాడు వాకిలి సంఖ్య 3389. రౌటరు పెట్టె సాధారణముగ బయటి వాకిళ్ళన్నియు మూసియుంచును. అతడు 3389వ వాకిలిని వీధిలోనికి తెరచినాడు. మన దుకాణము పేరు దొంగకేమి తెలియునని మీరు అనవచ్చును. తెలియనక్కరలేదు. ఇంటర్నెట్టులో పాత పద్ధతి చిరునామాలు మొత్తము 429 కోట్ల చిల్లర. ఒక్క వాకిలి సంఖ్య పట్టుకొని ఆ చిరునామాలన్నిటిని ఒకే యంత్రముతో 45 నిమిషములలోపల తట్టి చూడవచ్చునని 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయమువారు చేసి చూపించినారు. వారు పరిశోధనకు చేసినది దొంగలు దినదినము చేయుచున్నారు. తట్టినప్పుడు పలికిన వాకిలి దొరకినచో, యంత్రమే రేయింబవళ్ళు పాస్‌వర్డులు ప్రయత్నించును. దుకాణము పేరు, దాని ప్రక్కన 123 — ఇట్టి పాస్‌వర్డు ఎంతసేపు నిలుచును?

పాస్‌వర్డు గట్టిదైనను ధైర్యము లేదు. 2019 మే 14వ తేదీన మైక్రోసాఫ్టు కంపెనీవారు పాత విండోసులలో ఈ వాకిలియందే ఒక లోపము కలదనియు, పాస్‌వర్డు లేకయే దాని ద్వారా లోనికి రావచ్చుననియు ప్రకటించి మరమ్మతు విడుదల చేసినారు. తాము పోషించుట మానివేసిన విండోసు ఎక్స్.పి.కి సహితము ఆ మరమ్మతు ఇచ్చినారనిన దాని తీవ్రత ఊహింపుడు. గొప్ప సంస్థలకు కూడ ఫైళ్ళు బిగించి సొమ్మడుగు ఈ బెడద తప్పలేదు. అదే వత్సరమున ఉభయ తెలుగు రాష్ట్రముల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇట్టి దాడివలన నిలిచిపోయి, ఇంటర్నెట్టులో కరెంటు బిల్లు కట్టువారు ఇబ్బంది పడినారు. అక్కడ దొంగ ఏ త్రోవన వచ్చినాడో వేరు సంగతి; దొంగ పెద్ద చిన్న చూడడని చెప్పుటకే యీ ఉదాహరణము.

సరియైన త్రోవ యేమి? కార్యాలయపు కంప్యూటరును వీధికి చూపరాదు. వీధికిని దానికిని నడుమ, కావలి యుండుట తప్ప వేరు పని లేని ఒక చిన్న యంత్రమును నిలుపవలెను. బయటినుండి వచ్చువాడు మొదట దానికి తానెవరో ఋజువు చేసికొనవలెను. అది ఒప్పుకొన్న పిమ్మటనే లోపలి కంప్యూటరు అను వస్తువు ఒకటి కలదని అతనికి తెలియవలెను. వరంగల్లు కోట చూచినవారు మీలో అనేకులు ఉందురు. కాకతీయులు రాతిగోడకు నాలుగు దిక్కుల పెట్టిన ద్వారములలో ఏదియు తిన్నగ లోనికి పోదు. ముందు ఒక ద్వారము, తరువాత మూసిన ఆవరణము, అక్కడ మలుపు, ఆపైన రెండవ ద్వారము. మలుపులో నిలిచినవానిని పైనుండి కావలివారు చూచుచుందురు. నేను చెప్పు ఏర్పాటు ఆ మలుపే.

చిన్న కార్యాలయమునకు, దుకాణమునకు, సంఘమునకు వి.పి.యన్. పద్ధతి చాలును. ఇందు నేను వైర్‌గార్డ్ అను సాధనమును సిఫారసు చేయుదును. జేసన్ డోనెన్‌ఫెల్డ్ అను అతడు వ్రాసినది, ఉచితము. దేశము తలుపులు మూసికొన్న ఆ 2020 మార్చిలోనే అది లినక్సు అను వ్యవస్థ మూలములో చేర్చబడినది. కొన్ని రౌటర్లలోనే యిది కలదు. లేనిచో అరచేతిలో ఇముడు చిన్న లినక్సు కంప్యూటరు మీద పెట్టవచ్చును. దాని ప్రత్యేక గుణమేమనగా, తనకు తెలియనివాడు తలుపు తట్టిన అది "పొమ్ము" అని కూడ అనదు, మౌనముగ ఉండును. తట్టినవాడు ఇక్కడ ఇల్లే లేదనుకొని పోవును.

దీనియందు పాస్‌వర్డు లేదు, తాళములు కలవు. ప్రతి యంత్రమునకును రెండు పొడవైన అక్షరమాలలు పుట్టును. ఒకటి తాళము వంటిది, ఇతరులకు ఇచ్చునది. రెండవది తాళపుచెవి, పుట్టిన యంత్రమును విడిచి పోరానిది. తూముగ నిలిపిన యంత్రములో గుమాస్తా ఫోను యొక్క తాళమును నమోదు చేయవలెను. గుమాస్తా ఫోనులో తూము యొక్క తాళమును నమోదు చేయవలెను. వాట్సాపులో చెవి పంపించు అలవాటు కొందరికి కలదు. అది మానవలెను, పంపవలసినది తాళము మాత్రమే. ఒక్కొక్క మనిషికి, ఒక్కొక్క యంత్రమునకు వేరు వేరు జతలు ఉండవలెను. అందరికి ఒకటే ఇచ్చినచో, ఒకరు పని మానిన నాడు అందరిని తొలగించవలసి వచ్చును, లేదా ఎవ్వరిని తొలగించకుండ ఊరకుండవలసి వచ్చును. రెండవదే జరుగునని అనుభవము చెప్పుచున్నది.

రౌటరులో తెరువవలసినది తూము కొరకు ఒక్క వాకిలి మాత్రమే. వైర్‌గార్డ్ వాడుక సంఖ్య 51820. మునుపు తెరచిన 3389 ఉన్నచో ఈ దినముననే మూయుడు. సంఖ్య మార్చి 3390 పెట్టితిమి, భయము లేదు అనువారు కొందరు కలరు. ఇంటి నంబరు మార్చిన దొంగకు గోడ అడ్డము వచ్చునా?

ఆ తరువాత మనవారు తరచుగ పొరబడు చోటు ఒకటి కలదు. తూము దాటి వచ్చినవానికి లోపలి వలయమంతయు అప్పగింతురు. గుమాస్తాకు కావలసినది ఒక్క లెక్కల కంప్యూటరు. కావున అతడు ఆ ఒక్క చిరునామాను మాత్రమే, అందును 3389వ వాకిలిని మాత్రమే చేరునట్లు తూము యంత్రముననే కట్టడి వ్రాయవలెను. నిఘా కెమేరాలు, ప్రింటరు, ప్రక్క గదిలోని యంత్రము అతనికి కనబడరాదు. నీరడి ఒక రైతు వంతు వచ్చినప్పుడు ఆ పొలపు కాలువనే విడుచును గాని ఆయకట్టంతయు తడుపడు గదా!

చిరునామాల విషయములో రెండు చిక్కులు వచ్చును. మొదటిది పేరు చిక్కు. ఇంటి వలయములకు పనికివచ్చు లోపలి చిరునామాలు కొన్ని ప్రత్యేకింపబడియున్నవి, 192.168తో మొదలగునవి వానిలో ఒక జాతి. రౌటర్లు చాల భాగము 192.168.0 లేదా 192.168.1 అను వరుసతోనే అంగడినుండి వచ్చును. కార్యాలయమునందు అదే, గుమాస్తా ఇంటను అదే అయినచో అతని యంత్రము కార్యాలయమును తన ఇంటిలోనే వెదకును. కొత్తపల్లి అను పేరు గల ఊళ్ళు మన జిల్లాలలో ఎన్ని కలవో మీకు తెలియును. మండలము పేరు వ్రాయని ఉత్తరము ఎక్కడికి పోవునో అదియు తెలియును. కావున మొదటి దినముననే కార్యాలయపు వరుసను 10.47.12 వంటి అరుదైన సంఖ్యకు మార్చుకొనుడు. తరువాత మార్చుట కష్టము.

రెండవది పెద్ద చిక్కు. బయటి చిరునామాలు చాలనందున, అనేక కంపెనీలు వందలాది ఇండ్లకు కలిపి ఒక్క చిరునామా ఇచ్చుచున్నవి. అట్టి ఇంట మీరు రౌటరులో ఏ వాకిలి తెరచినను బయటివాడు రాలేడు. మీ రౌటరు ముందు కంపెనీవారి గోడ ఇంకొకటి కలదు. మీరు అట్టి గోడ వెనుక ఉన్నారా అనునది తెలిసికొనుట సులువు. రౌటరు తన బయటి చిరునామా యని చూపునది, ఇంటర్నెట్టులో మీ చిరునామా యని కనబడునది ఒకటే కానిచో, గోడ ఉన్నది. రౌటరు చూపు సంఖ్య 100.64 మొదలు 100.127 వరకు ఉన్నదైనచో సందేహమే లేదు. అప్పుడు కంపెనీవారిని స్థిరమైన చిరునామా అడుగవలెను. కొందరు మాసమునకు కొంత రుసుము తీసికొని యిత్తురు. కానిచో, అద్దెకు దొరకు చిన్న క్లౌడు యంత్రమున తూము పెట్టి, కార్యాలయపు యంత్రమే లోపలినుండి దానిని పలుకరించునట్లు చేయవలెను. ఆ పలుకరింపు ప్రతి 25 సెకండ్లకు ఒక సారి జరుగునట్లు నియమించినచో నడుమ గోడలు త్రోవను మూయవు. నాలుగు రూపాయలు ఎక్కువ అగును. గండి కంటె చౌక.

పెద్ద కార్యాలయములకు వేరు పద్ధతి కలదు. అనేకులు అనేక యంత్రములను వాడు చోట విండోసు సర్వరులోనే రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే అను భాగము కలదు. 2008 సర్వరుతో వేరొక పేరున మొదలైనది. ఇది బ్యాంకు వెబ్‌సైట్లు వాడు 443వ వాకిలినే, అదే విధమైన గుప్తలిపితో వాడును. లోపలికి పోయిన తరువాతనే మాటలు 3389కి చేర్చును. దీనిలో నాకు మెచ్చదగినది రెండు చీటీల పద్ధతి. మొదటి చీటీ: ఎవరు ఈ ద్వారమున అడుగు పెట్టవచ్చును? రెండవ చీటీ: అడుగు పెట్టినవాడు ఏ యే యంత్రములకు పోవచ్చును? రెండును వ్రాయనిదే ఎవ్వరును లోనికి పోరు. అందుచే పని తొందరలో కొందరు మొదటి చీటీలో "అందరు", రెండవ చీటీలో "అన్నియు" అని వ్రాసి చేతులు దులుపుకొందురు. కావలివానిని నియమించి నిద్రపొమ్మనినట్లే. గేట్‌వేకు ధ్రువపత్రము ఒకటి కావలెను. దాని మీది పేరును, మీరు పిలుచు పేరును ఒకటే కావలెను. గడువు తీరిన నాడు అందరికి ఒకేసారి ద్వారము మూసికొనును, కావున గడువు తేదీ గోడ క్యాలెండరు మీద వ్రాసి పెట్టుడు. బయటి యంత్రమునుండి ఫైళ్ళు ఇటునటు మార్చుకొను వీలును గూడ ఇక్కడనే ఆపివేయవచ్చును. చూచుటకు వచ్చినవాడు మోసికొని పోవలసిన పని లేదు.

ఏ పద్ధతియైనను మరి రెండు జాగ్రత్తలు కలవు. లోపలి కంప్యూటరులో దూరపు మనిషికి ప్రత్యేకమైన ఖాతా తెరువుడు. సర్వాధికారములు గల ఖాతా ఇవ్వరాదు. వీలున్న చోట్ల, ఫోనులో ప్రతి 30 సెకండ్లకు మారు ఆరంకెల సంఖ్యను కూడ అడుగునట్లు చేయుడు. ఇంకొక చిన్న మాట: విండోసు హోమ్ రకములో ఈ దూరపు వాడుకను ఇచ్చు వసతి లేదు, ప్రొఫెషనల్ రకము కావలెను. ఇది తెలియక సగము దినము పోగొట్టుకొన్నవారిని నేనెరుగుదును. కరెంటు పోయి వచ్చినప్పుడు తూము యంత్రమును లోపలి కంప్యూటరును తమంత తాము లేచునట్లు అమర్చుడు. లేనిచో ఆదివారమునాడు బటను నొక్కుటకు మనిషిని పంపవలసి వచ్చును.

పంచాయతీ కార్యదర్శులకు ప్రత్యేకముగ చెప్పవలసినది కలదు. పైన చెప్పినదంతయు మీ సొంత కంప్యూటరునకు, దుకాణమునకు, మీ సంఘమునకు వర్తించును. ప్రభుత్వపు వలయము మీద ఉన్న యంత్రమునకు మీరై మీరు తూము పెట్టరాదు. ఆ చెరువు మీది కాదు. జనన మరణముల నమోదు, పింఛనుదారుల జాబితా, ఇంటిపన్ను వివరములు ఆ యంత్రమున ఉండును. ఇంటినుండి పని చేయవలసి వచ్చినచో పై అధికారికి వ్రాసి, ఆ శాఖవారి త్రోవ అడుగుడు. జవాబు ఆలస్యమగునని నేనెరుగుదును. ఆలస్యమునకు కోపగించి మీ పాస్‌వర్డును ఆపరేటరుకు కాగితము మీద వ్రాసి యిచ్చుట అంతకంటె చెడ్డది. అతడు చేసిన ప్రతి పని మీ పేరున నమోదగును.

ఇంతవరకు బయటినుండి వచ్చు దొంగను గూర్చి చెప్పితిని. లోపలినుండి మనచేతనే తూము ఎత్తించువాడు ఇంకొకడు కలడు. వీని వలన నష్టపోవునది కార్యాలయములు కావు, మన తల్లులు తండ్రులు. ఫోను మ్రోగును. "బ్యాంకునుండి మాట్లాడుచున్నాను అమ్మా, మీ ఖాతా ఆగిపోవును, ఈ యాప్ వేసికొనుడు" అనును. యాప్ వేసికొనగనే తెర మీద తొమ్మిది అంకెల సంఖ్య వచ్చును. దానిని చదివి చెప్పుమనును. చెప్పి, అడిగిన అనుమతులన్నియు ఇచ్చినచో ఆ ఫోను తెర వాని ఎదుట తెరచిన పుస్తకమగును. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకువారు ఎనీడెస్క్ అను యాప్ పేరు చెప్పియే ఈ మోసమును గూర్చి బ్యాంకులను హెచ్చరించినారు. ఎనీడెస్క్ తనంత తాను చెడ్డది కాదు. దూరపు మరమ్మతునకు లక్షలమంది వాడు పనిముట్టు. గడ్డపార కాలువ త్రవ్వును, గోడకు కన్నమును వేయును. మీరు పిలువని మనిషి తనంత తాను ఫోను చేసి మీ యంత్రములోనికి వచ్చెదననిన, వాడు ఎవరైనను ఫోను పెట్టివేయుడు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరునకు చెప్పుడు. మొదటి గంటలలో చెప్పినచో ఆ సొమ్ము చేతులు మారకముందే నిలుపు అవకాశము ఎక్కువ. ఇంటిలోని ముసలివారిపై కేకలు వేయు కుమారులకు, ఆ కేకలకు వెరచి వారు రెండు దినములు దాచిన సంగతి తెలియును గదా!

ఆ ఎరువుల దుకాణమున నేడు చిన్న తూము యంత్రము నడుచుచున్నది. రెండే తాళములు నమోదైనవి: గుమాస్తాది, యజమాని కూతురిది. నకళ్ళు రెండు, ఒకటి శనివారము తీసి ఇనుపపెట్టెలో పెట్టుదురు, కంప్యూటరునకు తగిలించి యుంచరు. ప్రతి సోమవారము ఆ అమ్మాయి, ఎవరు ఎప్పుడు వచ్చిపోయినారో తూము యంత్రపు నమోదు చదువును. ఒక మారు అర్ధరాత్రి రెండు గంటలకు గుమాస్తా పేరు కనబడగా ఫోను చేసి అడిగినది. యంత్రపు గడియారము అయిదున్నర గంటలు తేడాగ నడుచుచున్నది. మన దేశపు కాలమానము పెట్టుట మరచినారు. తప్పు గడియారముదే అయినను, అడిగినందుకు గుమాస్తా సంతోషించినాడే గాని కోపగించలేదు.

మధ్యాహ్న భోజనము తరువాత ఈ బల్ల మీదనే ఒక తూము పెట్టి చూపించెదను. చూడవచ్చువారు తమ ఫోనులలో వైఫై ఆపి, సొంత డేటా మీద ఉంచుకొని రండి. తూము పారుచున్నదా లేదా అనునది కట్ట మీద నిలిచి చూచిన తెలియదు, పొలములో నిలిచి చూడవలెను. రౌటరు పెట్టె అడుగున అంటించిన చీటీని ఫోటో తీసికొని వచ్చినవారు ముందు వరుసలో కూర్చుండుడు. మీ పెట్టెలలో 3389 తెరచియున్నదేమో మొదట చూచెదము.